తేలిక పని అడగాలా, అదే పనికి వెసులుబాటు అడగాలా?

విశాఖలో ఏ పెద్ద సంస్థలోనైనా ఉద్యోగికి వైకల్యం వచ్చిందనగానే అందరి నోటా మొదట వచ్చే మాట లైట్ డ్యూటీ. ఫ్యాక్టరీల్లో, రేవులో అయితే స్టోర్స్‌లోనో టైమ్ ఆఫీసులోనో ఒక కుర్చీ చూపిస్తారు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో అయితే "మీరు ఇంటి నుంచే చేసేయండి" అంటారు. అడిగినవాళ్లకు ఊరట, ఇచ్చినవాళ్లకు పెద్దగా ఖర్చు లేదు. ఇబ్బంది నెమ్మదిగా మొదలవుతుంది. అసలు పనిలో అనుభవం పెరగదు, కొత్త మెషిన్ వస్తే శిక్షణకు పేరు వెళ్లదు, ప్రమోషన్ ఇంటర్వ్యూలో "ఈ మూడేళ్లలో ఏం చేశారు?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

అందుకే ఏ సాయం అడగాలన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీంతో ఇప్పుడు ఉద్యోగం నిలుస్తుందా? కొన్నేళ్లకు పై పోస్టుకు పోటీపడే వీలు ఉంటుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని జవాబు వచ్చేవే ఎక్కువ. నా వరుస ఇది: ముందు పని చేసే పద్ధతిలో మార్పు, అది చాలకపోతే పరికరం, తర్వాత మనిషి సాయం, ఆ తర్వాత పనిచేసే చోటు మార్పు, అన్నిటికన్నా చివర పోస్టు మార్పు. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు.

అడిగే హక్కు ఎవరికి?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలు దాని కిందికి వస్తాయి. చాలామంది ఆగిపోయేది 40 శాతం దగ్గర. "సదరంలో (వైకల్య శాతాన్ని తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్షలో) నాకు 35 శాతమే వేశారు, నాకేమీ రాదు" అనుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు ఆ 40 కావాలి, నిజమే. పనిచేసే చోట వెసులుబాటు, అంటే వైకల్యం ఉన్నా పని చేయగలిగేలా చేసే మార్పు, ఇచ్చే సాయం, అడగడానికి మాత్రం అక్కర్లేదు. రాస్తుంటే చెయ్యి పట్టేసే జబ్బున్న ఒక సివిల్స్ అభ్యర్థి పరీక్ష రాసిపెట్టే సహాయకుడు కావాలని అడిగిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. వెసులుబాటు అనేది ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి, ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సినదని కూడా అంది. అంటే "మా దగ్గర ఇలాంటి పద్ధతి లేదు" అన్నది చెల్లే జవాబు కాదు. "దీనివల్ల మా మీద మోయలేని భారం పడుతుంది" అని చూపించగలిగితే అప్పుడు వేరే మాట.

ప్రభుత్వ సంస్థకు, ప్రైవేటు కంపెనీకి మధ్య తేడా ఉంది. ప్రభుత్వ సంస్థ అంటే కలెక్టరేట్, జీవీఎంసీ (నగర పాలక సంస్థ) మాత్రమే అనుకోవద్దు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ లాంటివన్నీ అందులోకే వస్తాయి. వీటిలో వెసులుబాటు ఇవ్వడం తప్పనిసరి అని 20వ సెక్షన్ చెబుతుంది, వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపకూడదనీ చెబుతుంది. ప్రైవేటు వాళ్లు కూడా సమాన అవకాశాల విధానాన్ని రాసి బయటపెట్టాలి. 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థ అయితే ఏ పోస్టులు వైకల్యం ఉన్నవాళ్లకు తగినవి, శిక్షణ, ప్రమోషన్, ప్రత్యేక సెలవులు, పరికరాలు ఎలా ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. ఈ విషయాలు చూసే అధికారిని కూడా నియమించాలి. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ కాగితం ఉందేమో ఈ రోజే వెతకండి. లేకపోతే హెచ్‌ఆర్‌ను మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడగ్గానే కొన్ని పనులు వాటంతట అవే కదులుతాయి.

పద్ధతి మార్చడమా, వస్తువు కొనడమా?

యాజమాన్యాలకు వస్తువు కొనడం ఇష్టం. బిల్లు ఉంటుంది, ఫొటో ఉంటుంది. పద్ధతి మార్చాలంటే సూపర్‌వైజర్ తన అలవాటు మార్చుకోవాలి, అందుకే అది కష్టం. అయినా పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది పద్ధతి మార్పే.

పోలియో వచ్చిన కాలితో బట్టల షాపులో పనిచేసే అమ్మాయిని తీసుకోండి. రోజంతా నిలబడలేకపోతోందని ఆమెను బిల్లింగ్‌కు మార్చేస్తే కస్టమర్‌తో బేరం, సరుకు మీద పట్టు పోతాయి, ఫ్లోర్ ఇన్‌చార్జి అయ్యే దారీ పోతుంది. అదే సెక్షన్‌లో ఎత్తు స్టూలు వేసి, పై అరల్లోంచి సరుకు దించే పని హెల్పర్‌కు అప్పగిస్తే ఆమె అక్కడే ఉంటుంది. వినికిడి లేని ఉద్యోగికి ఫోన్ బదులు వాట్సాప్‌లో పని చెప్పడం, మీటింగ్ అజెండా ముందు రోజే పంపడం, వీల్‌చైర్‌లో వచ్చే మనిషి ఉన్న టీమ్ మీటింగ్‌ను లిఫ్ట్ లేని మూడో అంతస్తులో కాకుండా కింద పెట్టడం, డయాలసిస్‌కు వెళ్లే రోజు షిఫ్ట్ మార్చడం, ఇవన్నీ ఒక్క మాటతో అయ్యేవే.

వస్తువు తప్పనిసరి అయినప్పుడు నాణ్యత చూడండి. ర్యాంప్ దీనికి మంచి ఉదాహరణ. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. వీధి వైపు స్థలం లేదని నాలుగడుగుల్లో కట్టేసి, దాని పక్కన నీలం బోర్డు పెట్టిన ఆఫీసులు మన ఊళ్లో కావలసినన్ని. వెనక నుంచి ఇద్దరు నెడితే తప్ప ఎక్కలేని ర్యాంప్, మెట్లు రెండూ ఒకటే. ర్యాంప్ ఉందా అని అడగొద్దు. మీరు ఒక్కరే ఎక్కి, దిగి, టాయిలెట్‌కు వెళ్లి రాగలరా అని చూసుకోండి. టాయిలెట్ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. దానికి భయపడి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు ఉన్నారు.

చూపు తగ్గినవాళ్లకు: ఉచితంగా వచ్చేదా, కొనేదా?

కంప్యూటర్ మీద పని అయితే మొదట చేయాల్సింది విండోస్‌లో ఉన్న, తెర మీది అక్షరాలను పెద్దవి చేసి చూపే మాగ్నిఫయర్‌ను వాడి చూడటం. విండోస్ కీ, ప్లస్ కీ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మధ్యస్థంగా చూపు తగ్గినవాళ్లకు ఇది, పెద్ద మానిటర్, కళ్లలో పడకుండా అమర్చిన లైటు ఉంటే చాలావరకు సరిపోతుంది.

తెర చదవలేని స్థితి అయితే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. వాటిలో ఎన్‌వీడీఏ అనేది ఉచితం. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ ప్రోగ్రామర్లు మొదలుపెట్టినది. ఇందులో తెలుగు గొంతు కూడా ఉంది. మొదట్లో ఆ గొంతు మరమనిషి మాట్లాడినట్టుంటుంది, కొన్నాళ్లకు చెవికి అలవాటవుతుంది. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌ను డబ్బు పెట్టి కొనాలి. మరి ఏది? వర్డ్, ఎక్సెల్, ఈమెయిల్, మామూలు వెబ్‌సైట్లు అయితే ఎన్‌వీడీఏతో మొదలుపెట్టండి, జాస్ కోసం ఫైలు నడిపే నెలలు వృథా చేసుకోకండి. సంస్థ సొంతంగా చేయించుకున్న పాత సాఫ్ట్‌వేర్ మీద పని అయితే జాస్ అడగడంలో అర్థముంది. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు దానికి స్క్రిప్టులు రాయించుకునే ఏర్పాటు బాగా స్థిరపడింది. కొనే ముందు ట్రయల్ వేసి, మీరు రోజూ వాడే స్క్రీన్ల మీదే పరీక్షించండి. డెమో ఇచ్చేవాళ్ల ల్యాప్‌టాప్‌లో అన్నీ చక్కగా చదువుతుంది.

ఇక్కడ తెలుగు ఆఫీసుల సమస్య ఒకటి ఉంది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాల్లో) టైపు చేసిన ఉత్తర్వులను స్క్రీన్ రీడర్ చదవలేదు, అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వినిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే మౌనమే. లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ ఇచ్చినా ఇది మారదు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తోపాటు "నాకు వచ్చే సర్క్యులర్లు యూనికోడ్‌లో, స్కాన్ కాకుండా అసలు ఫైలుగా పంపండి" అని కూడా రాసి ఇవ్వండి. నా ఉద్దేశంలో రెండిటిలో ఇదే ముఖ్యం. డిపార్ట్‌మెంటల్ పరీక్షకు చదువుకోవాల్సిన రూల్స్ అన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి కాబట్టి ప్రమోషన్ దారి అక్కడే తెగుతుంది.

చూపు కొత్తగా తగ్గుతున్నవాళ్లు పరికరం కన్నా ముందు శిక్షణ గురించి ఆలోచించాలి. హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల చికిత్సతో ఆగకుండా, మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పే విభాగాలు ఉంటాయి. శిక్షణ రోజులకు సెలవు కాకుండా డ్యూటీగా లెక్కేయమని అడగండి.

వినికిడి: మిషనా, మైకా, దుబాసీనా?

చెవి మిషన్ పెట్టుకుంటే అంతా వినబడుతుందని తోటి ఉద్యోగులు అనుకుంటారు. మిషన్ మాటను పెంచుతుంది, పక్కనున్న ఏసీ రొదనూ పెంచుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే అయోమయమే. మీటింగులే ఇబ్బంది అయితే కొత్త ఖరీదైన మిషన్ కన్నా రిమోట్ మైక్ మేలు. మాట్లాడే మనిషి దగ్గర పెడితే ఆ గొంతు నేరుగా మిషన్‌లోకి వస్తుంది. మీ మిషన్‌కు అది కలుస్తుందో లేదో ఆడియాలజిస్టును అడిగి కొనండి. సముద్రపు గాలి, ఉక్కపోత మిషన్లకు పడవు. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టడం వైజాగ్‌లో తప్పనిసరి ఖర్చు అనుకోండి.

ఇక క్యాప్షన్లు. ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ తెలుగు మాటల్ని అక్షరాల్లో చూపిస్తుంది. కానీ మన ఆఫీసుల్లో మాట్లాడేది సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కదా, అక్కడ తడబడుతుంది. పెద్దయ్యాక వినికిడి పోయి, తెలుగు చదవడం బాగా వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది. పుట్టుకతో వినికిడి లేక, సైగల భాషే మాతృభాష అయినవాళ్లకు వేగంగా పరిగెత్తే తెలుగు అక్షరాలు సాయం కాకపోవచ్చు. వాళ్లకు కావాల్సింది భారతీయ సంకేత భాష దుబాసీ. రోజూ పక్కన మనిషిని పెట్టడం ఏ సంస్థకైనా కష్టమే. అయితే అప్రైజల్ మీటింగ్, సేఫ్టీ శిక్షణ, ప్రమోషన్ ఇంటర్వ్యూ, విచారణ, ఈ నాలుగింటికి దుబాసీ లేకుండా ఒప్పుకోవద్దు. మనిషి దొరక్కపోతే వీడియో కాల్‌లో పెట్టించుకోవచ్చు. మిగతా రోజులకు రాతపూర్వక సందేశాలు, సైగలు నేర్చుకున్న ఒకరిద్దరు సహోద్యోగులు చాలు.

ప్లాంటులో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. సైరన్ వినబడదు కాబట్టి వద్దు అని ఫ్లోర్ మీది నుంచి తీసేయడం తేలిక. వెలిగి ఆరే లైటు, వణికే పేజర్ పెట్టి, ఖాళీ చేయాల్సి వస్తే ఫలానా సహోద్యోగి వచ్చి తట్టి చెప్పాలని రాసిపెడితే చాలా చోట్ల ఆ కారణం చెల్లదు. మామూలు చెవి మిషన్‌ను మాత్రం రొద నుంచి రక్షణగా లెక్కేసుకోవద్దు. అది మోత పెంచేదే కానీ తగ్గించేది కాదు.

మనిషి సాయం

"ఒక్క అయిదు నిమిషాలు ఈ కాగితం చదివి పెట్టవా తమ్ముడూ" అని పక్క సీటు వాళ్లను అడుగుతూ నెట్టుకొచ్చేవాళ్లు ఎంతోమంది. మంచి సహోద్యోగి ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఆయనకు బదిలీ అయిన రోజు మీ పని ఆగిపోతుంది. పైగా అప్రైజల్‌లో "ఇంకొకరి మీద ఆధారపడతారు" అని ఒక వాక్యం చేరుతుంది. అదే సాయాన్ని ఆ సహోద్యోగి డ్యూటీలో భాగంగా రోజుకు అరగంట అని రాయిస్తే అది మీ బలహీనతగా కాక, ఏర్పాటుగా కనిపిస్తుంది.

మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవాళ్లకు మాత్రం ఈ వరుసను నేను తిప్పేస్తాను. వాళ్లకు పరికరం కన్నా మనిషి ముందు. మొదటి వారాల్లో పక్కనే ఉండి పని నేర్పి, క్రమంగా తప్పుకునే జాబ్ కోచ్, పనిని చిన్న ముక్కలుగా చూపించే బొమ్మల కార్డులు, ప్రతిరోజూ ఒకే సూపర్‌వైజర్. తల్లిదండ్రులు రోజూ ఆఫీసుకొచ్చి పిల్లల తరఫున మాట్లాడటం ప్రేమతో చేసే పనే, కానీ ముప్పై ఏళ్ల మనిషిని ఆఫీసులో చిన్నపిల్లాణ్ని చేస్తుంది. ఆ పాత్ర కోచ్‌కు వదిలేస్తే మంచిది.

ఇంటి నుంచి పనా, ఆఫీసుకు దారా?

రుషికొండలో కొన్ని ఆఫీసులు కొండ మీద ఉంటాయి. కింద బస్సు దిగి ఆ ఎత్తు ఎక్కడం చంకకర్రలతో అయ్యే పని కాదు. అందుకని ఇంటి నుంచి పని అడుగుతారు, వెంటనే ఇస్తారు. పూర్తిగా ఇంటి నుంచే ఒప్పుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. మంచి ప్రాజెక్టులు ఎవరికి వెళ్తాయో తేలేది చాలాసార్లు క్యాంటీన్‌లో, కాఫీ దగ్గర. మీరు అడగాల్సింది కొండ కింద నుంచి మీదికి బండి, లేదా కంపెనీ క్యాబ్ మీ ఇంటి దగ్గరికి రావడం, లిఫ్ట్ పక్కన పార్కింగ్. ఆ తర్వాత వారంలో రెండు మూడు రోజులు ఇల్లు. నొప్పి ఎక్కువయ్యే జబ్బులున్నవాళ్లకు, చికిత్స నడుస్తున్నవాళ్లకు ఇల్లే సరైనది, అందులో మొహమాటం అక్కర్లేదు. అలాంటప్పుడు నెలకోసారి మేనేజర్‌తో విడిగా మాట్లాడే సమయం, ప్రాజెక్టు కేటాయింపుల్లో మీ పేరు ఉండేలా చూడటం, ఈ రెండూ ఒప్పందంలో భాగం చేయండి.

ప్రయాణ ఖర్చు విషయంలో రైల్వే, నేవల్ డాక్‌యార్డు లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నయం. నిర్ణీత వైకల్యాలున్నవాళ్లకు రవాణా భత్యం రెట్టింపు వస్తుంది, వైకల్య సంబంధమైన అవసరాలకు ఏడాదికి నాలుగు రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవ్ ఉంది. ప్రైవేటులో భత్యం ఇస్తే జీతం చీటీలో రవాణా భత్యం అని విడిగా చూపించమనండి. చూపు లేని, వినికిడి లేని, కాళ్లలో వైకల్యం ఉన్న ఉద్యోగికి దాని మీద ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, మొత్తం జీతంలో కలిపేస్తే అది పోతుంది.

పోస్టు మార్పు: అన్నిటికన్నా చివర

ప్రమాదం, పక్షవాతం, షుగర్ వల్ల కాలు తీసేయడం, చూపు పోవడం. పరిశ్రమల ఊరు కాబట్టి సర్వీసులో ఉండగా వచ్చే వైకల్యం మన దగ్గర పెద్ద విషయం. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి రెండు మూడు కాగితాలు ముందు పెడతారు. ఒకటి స్వచ్ఛంద పదవీ విరమణ, ఒకటి తేలిక పోస్టు. కొన్ని చోట్ల "మీ బదులు అబ్బాయికి ఏదైనా చూస్తాం" అన్న నోటిమాట కూడా. ఇంట్లో అందరూ మూడో దానికి మొగ్గుతారు. దయచేసి ఆ స్థితిలో ఏ సంతకమూ చేయకండి.

ప్రభుత్వ సంస్థ అయితే 20వ సెక్షన్‌లోని నాలుగో క్లాజు మీ వైపు ఉంది. సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు సరిపోకపోతే అదే జీతపు స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ఆర్టీసీలో రంగులు గుర్తించలేడని తీసేసిన డ్రైవర్ కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం నిజంగా వెతక్కుండా పంపేయడాన్ని తప్పుపట్టి, తగిన పోస్టు ఇవ్వమంది. అంటే "ఖాళీ లేదు" అని నోటితో చెప్పేస్తే సరిపోదు, వెతికినట్టు చూపించాలి.

ఈ రక్షణ ఉంది కదా అని నేరుగా పోస్టు మార్పుకు వెళ్లకండి. అదే జీతం అనేది ఈ రోజు సంగతి. కొత్త కేడర్‌లో సీనియారిటీ ఎక్కడి నుంచి లెక్కేస్తారు? అక్కడి నుంచి పై పోస్టు ఏది? దానికి ఏ అర్హత కావాలి? ఉదాహరణకు ఒక చేతి వేళ్లు పోయిన ఫిట్టర్‌ను గేటు దగ్గర కూర్చోబెట్టొచ్చు, అదే విభాగంలో ఇన్‌స్పెక్షన్, ప్లానింగ్ వైపు మార్చొచ్చు. జీతం రెండింట్లోనూ అంతే. ఇరవై ఏళ్ల యంత్రజ్ఞానం రెండో చోటే పనికొస్తుంది, మెట్టు పైకి కదిలేదీ అక్కడే. మెడికల్ బోర్డు కాగితంలో "అన్‌ఫిట్" అన్న ఒక్క మాట కాకుండా ఏ పని చేయగలరో, ఏది చేయలేరో విడివిడిగా రాయమని అడగండి. "ఎత్తులు ఎక్కకూడదు, పది కిలోలకు మించి మోయకూడదు" అని ఉంటే చేయగలిగిన పోస్టులు చాలా కనిపిస్తాయి.

కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి వేరు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కాబట్టి ఆ క్లాజును ప్లాంటు మీద పెట్టడం కష్టం. అక్కడ మొదట పట్టుకోవాల్సింది ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా పథకం. మామూలుగా నెలకు 21,000 రూపాయల జీతం దాకా వర్తించే ఈఎస్ఐ, వైకల్యం ఉన్నవాళ్లకు 25,000 దాకా వర్తిస్తుంది. పనిలో ప్రమాదం వల్ల శాశ్వత వైకల్యం వస్తే సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చూసి ఆ మేరకు జీవితాంతం నెలనెలా చెల్లిస్తారు. అది తీసుకుంటే మళ్లీ పనికి వెళ్లకూడదని మేస్త్రీలు చెప్పేది నిజం కాదు.

మానసిక అనారోగ్యం, షిఫ్టులు

కంటికి కనపడని వైకల్యానికి వెసులుబాటు అడగడం అన్నిటికన్నా టెన్షన్. మందుల మత్తు ఉదయం దిగదు, నైట్ షిఫ్ట్ పడితే నిద్ర చెడి జబ్బు తిరగబెడుతుంది. ఇక్కడ అడగాల్సింది జనరల్ షిఫ్ట్, లేదా కనీసం షిఫ్టులు గబగబా మారకుండా ఉండటం. డాక్టరు చీటీలో జబ్బు పేరు అక్కర్లేదు. "రాత్రి షిఫ్టు ఆరోగ్యరీత్యా తగదు, ఉదయం తొమ్మిది తర్వాత పని చేయగలరు" అంటే చాలు. వాల్తేరు మానసిక చికిత్సాలయం ముద్ర ఉన్న చీటీ చూసి చిన్నచూపు చూస్తారేమోనన్న భయం ఉంటే, ఆ చీటీ సూపర్‌వైజర్‌కు కాకుండా నేరుగా సంస్థ డాక్టరుకు ఇవ్వండి.

జబ్బు తిరగబెట్టిన రోజుల్లో గైర్హాజరుకో, గొడవకో ఛార్జిషీటు వస్తే దాన్ని క్రమశిక్షణ వ్యవహారంగా మాత్రమే చూడనివ్వకండి. 2021 డిసెంబరులో ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్న వ్యక్తి మీద ఆ వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనకు చర్యలు మొదలుపెట్టడం పరోక్ష వివక్ష అని చెప్పింది.

"పూర్తిగా కోలుకున్నాక ఉద్యోగం చూద్దాం, అప్పటిదాకా ఏదైనా కోర్సు" అన్నది ఇంట్లోవాళ్ల పద్ధతి. ముందు నిజమైన ఉద్యోగంలో పెట్టి, పక్కన సాయం కొనసాగించే పద్ధతిలోనే ఎక్కువమంది పనిలో నిలుస్తున్నారని పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు చూపించాయి.

నోటితోనా, రాసిచ్చా?

మంచి బాస్ ఉన్నప్పుడు నోటిమాట ఒప్పందమే హాయిగా ఉంటుంది. చిన్నచిన్న వాటికి అదే సరి. కానీ బాస్ మారగానే అది గాల్లో కలిసిపోతుంది. షిఫ్టు, పరికరం, చోటు, పోస్టు, వీటికి సంబంధించినవన్నీ ఈమెయిల్‌లో ఉండాలి. పెద్ద అర్జీ అక్కర్లేదు:

"నేను అకౌంట్స్ విభాగంలో బిల్లుల పరిశీలన చేస్తున్నాను. చూపు తగ్గడం వల్ల చిన్న అక్షరాలు చదవడం కష్టంగా ఉంది. స్క్రీన్ రీడర్, పెద్ద మానిటర్ ఇచ్చి, బిల్లులను స్కాన్ కాకుండా ఫైలుగా పంపితే ఇప్పుడున్న పని మొత్తం చేయగలను. మూడు నెలలు వాడి చూసి మళ్లీ మాట్లాడుకుందాం. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద ఈ వెసులుబాటు కోరుతున్నాను."

ఏం చేయలేరో ఒక వాక్యం, ఏమిస్తే ఏం చేయగలరో ఒక వాక్యం. జబ్బు చరిత్ర వద్దు, బతిమాలడం అంతకన్నా వద్దు. మూడు నెలల గడువు పెట్టడం వల్ల "శాశ్వతంగా ఇరుక్కుపోతామేమో" అన్న భయం అవతలివాళ్లకు తగ్గుతుంది.

జవాబు రాకపోతే ప్రభుత్వ సంస్థల్లో దీనికోసమే ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన రెండు వారాల్లో విచారించాలి. అక్కడ తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. ప్రైవేటు అయితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయొచ్చు. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా, తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. నిజం చెప్పాలంటే పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు, దానికన్నా ఫిర్యాదు రికార్డులో ఉండటానికే భయపడతారు. ఫిర్యాదు చేసినా అదే టీమ్‌లో పనిచేయాలి కాబట్టి ముందు యూనియన్ ద్వారానో, హెచ్‌ఆర్ ద్వారానో మాట్లాడి చూడటం పిరికితనం కాదు.

ప్రమోషన్ కోసం విడిగా అడగాల్సినవి

పైవన్నీ దొరికినా పై మెట్టు దానంతట అది రాదు. అప్రైజల్ లక్ష్యాలు రాసే రోజునే, కొత్త పద్ధతికి అలవాటు పడే నెలలను మినహాయించి లెక్కేయమని అడగండి. బయటి ఊళ్లో శిక్షణ ఉంటే "మీకు ప్రయాణం కష్టం కదా, పేరు పంపలేదు" అంటారు. కష్టమో కాదో మీరు చెప్పాలి, వాళ్లు కాదు. సహాయకుడి ప్రయాణ ఖర్చు అడగండి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టమనండి. డిపార్ట్‌మెంటల్ పరీక్షకు సహాయకుడు, అదనపు సమయం కావాలంటే నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే రాసివ్వండి, హాల్‌టికెట్ వచ్చాక అడిగితే ఆలస్యం. బదిలీతో వచ్చే ప్రమోషన్ అయితే వదులుకునే ముందు, అదే స్టేషన్‌లో పోస్టింగ్ ఇవ్వగలరేమో అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు రొటేషన్ బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వాలని 2014 నాటి మార్గదర్శకాలు ఉన్నాయి.

ఒక చిన్న విషయం ఒప్పందంలోనే తేల్చుకోండి: స్క్రీన్ రీడర్ లైసెన్సు, రిమోట్ మైక్, ప్రత్యేక కుర్చీ ఎవరివి? సెక్షన్ పేరు మీద ఇండెంట్ వేస్తే, మీరు పక్క బిల్డింగుకు మారినా అవి అక్కడే ఉండిపోతాయి, కొత్త చోట ఫైలు మళ్లీ మొదటి నుంచి. ఉద్యోగి పేరు మీద జారీ చేయించుకుని, బదిలీ అయితే వెంట తీసుకెళ్లొచ్చని రాయించుకుంటే ఆ గొడవ ఉండదు. ఉద్యోగమే మానేస్తే తరుగు పోగా మిగిలిన ధర కట్టి కొనుక్కునే వీలు ఉంటుందేమో కూడా అప్పుడే అడగండి.